పులికాట్ పక్షులు – కాలువ తవ్విన చేతులు

మన హాస్టల్లో ఉదయం ఐదింటికి స్టడీ అవర్ బెల్లు కొడితే దుప్పటి ఇంకాస్త పైకి లాక్కున్నవాళ్ళలో మేమూ ఉన్నాం. అలాంటి మేము నలుగురం మొన్న జనవరి సెలవుల్లో తెల్లవారుజామున నాలుగింటికే లేచి, తలకు తువ్వాళ్ళు చుట్టుకుని, తడ నుంచి ఆటోలో భీమునివారిపాళెం రేవుకు చేరుకున్నాం. పులికాట్ సరస్సులో పడవ ఎక్కి పక్షులను చూడాలని మా కోరిక.

ఈ కోరిక ఏడో తరగతి నాటిది. "పులికాట్ సరస్సు ఏ జిల్లాలో ఉన్నది?" అనే ప్రశ్నకు "నెల్లూరు జిల్లా" అని రాసి మార్కు తెచ్చుకున్నాం. 2022లో జిల్లాలు మారాక సరస్సులోని ఆంధ్ర భాగం తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది. జవాబు మారింది గాని సరస్సును మేము చూడనిది చూడనట్టే ఉండిపోయింది. డిగ్రీలు అయ్యాయి, పీజీలో చేరాం. మా ఇళ్ళల్లో పట్టా అందుకున్న మొదటివాళ్ళం మేమే. మార్కుల కోసం చదివినవాటిలో ఒక్కటైనా కళ్ళతో చూద్దామని తలా కొంత వేసుకుని బయలుదేరాం.

"పిట్టల్ని చూడ్డానికి రైలెక్కి పోవాలంట్రా? మన చెరువులో లేవా?" అని మాలో ఒకడి అమ్మ అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చివర్లో చెబుతాం.

ఇది ఎలాంటి నీరు?

పులికాట్ ఉప్పునీటి సరస్సు అని పుస్తకంలో చదువుకున్నాం. నిజానికి అది ఉప్పునీరూ కాదు, మంచినీరూ కాదు. రెండూ కలిసిన నీరు. మన దేశంలో ఒడిశాలోని చిలికా తర్వాత ఇలాంటి సరస్సుల్లో ఇదే పెద్దది. ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లోను, దక్షిణపు కొస తమిళనాడులోను ఉన్నాయి. దీనికి ప్రళయ కావేరి అని పాత పేరు ఉంది. సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య గోడలాగా శ్రీహరికోట దీవి ఉంది.

స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదులు వానాకాలంలో మంచినీరు తెస్తాయి. ముఖద్వారాల గుండా పోటు సమయంలో సముద్రపు నీరు లోపలికి వస్తుంది. వానలు బాగా పడితే ఉప్పు తగ్గుతుంది. ఎండాకాలంలో నీరు ఆవిరై ఉప్పు పెరుగుతుంది. ఉత్తరపు వైపు చాలా భాగం ఎండిపోయి నేల తేలుతుంది. కాబట్టి ఈ సరస్సుకు ఒకే విస్తీర్ణం అంటూ లేదు. నీరున్న కాలంలో సుమారు 450 చదరపు కిలోమీటర్లు ఉంటే, ఎండల్లో 250కి పడిపోతుంది.

రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. పిల్లలు ముఖద్వారం గుండా సరస్సులోకి వచ్చి, ఇక్కడ మేతమేసి పెరిగి, మళ్ళీ సముద్రంలోకి పోతాయి. అలలు తీరం వెంబడి ఇసుకను తోసుకొచ్చి ముఖద్వారంలో పోస్తుంటాయి. నదిలో నీటి వేగం ఉంటే ఆ ఇసుక కొట్టుకుపోతుంది. వేగం లేకపోతే ద్వారం పూడిపోతుంది. ద్వారం పూడితే రొయ్యకు దారి లేదు, వల వేసేవాడికి కూడు లేదు. మా పడవ నడిపిన పెద్దాయన ఈ సంగతి ఒక్క మాటలో చెప్పాడు: "నోరు మూసుకుపోతే మనిషైనా బతకడు గదా అబ్బయా!"

ఏ పక్షికి ఎంత లోతు?

రేవు దాటాక కాసేపటికి పెద్దాయన మోటారు ఆపి వెదురు గెడ తీశాడు. మేము భయపడ్డాం. ఇంత పెద్ద సరస్సులో గెడ ఎక్కడ ఆనుతుంది? మనిషి నడుము లోతుకే అడుగు తగిలింది. ఎక్కువ చోట్ల మీటరు లోతు కూడా ఉండదట. ఇన్ని పక్షులు ఇక్కడికి రావడానికి అసలు కారణం ఆ లోతు లేకపోవడమే.

పక్షులను పేర్లతో కాకుండా లోతుతో గుర్తుపెట్టుకోవడం తేలిక అని మాకు అక్కడే అర్థమైంది. నీరు తీసిన బురద అంచున ఉల్లంకి పిట్టలు పురుగులను పొడుచుకుంటూ పరుగెడతాయి. చీలమండ లోతులో తెల్లకొంగలు, ఇంకాస్త లోపల నారాయణపక్షి కదలకుండా నిలబడతాయి. మోకాలి లోతులో ఫ్లెమింగోలు ఉంటాయి. మన పత్రికలు రాజహంసలు అని రాసేది వీటినే. ఇంకా లోతుంటే బాతులు, నీటికాకులు, గూడబాతులు. అన్నీ ఒకే సరస్సులో ఉన్నా ఎవరి బంతి వారిదే. మన మెస్సులో లాగా తోపులాట లేదు.

ఫ్లెమింగో నాలుగడుగులకు పైగా ఎత్తు ఉంటుంది. తల కిందులుగా నీళ్ళలో ముంచి తింటుంది. నాలుకతో నీటిని లోపలికి లాగి బయటికి నెడుతుంది. ముక్కు అంచుల్లోని జల్లెడ వంటి పళ్ళలో నాచు, చిన్న చిన్న రొయ్యజాతి జీవులు నిలుస్తాయి. ఆ తిండిలోని రంగు పదార్థమే దాని రెక్కలకు గులాబీ రంగునిస్తుంది. పిల్లగా ఉన్నప్పుడు బూడిద రంగులో ఉంటుంది. అంటే ఆ అందం పుట్టుకతో వచ్చినది కాదు, తిన్న తిండితో వచ్చినది. ఈ మాట విని మాలో ఒకడు "మనకు హాస్టల్ సాంబారు రంగు రాలేదు, నయం!" అన్నాడు. గట్టిగా నవ్వాం. దూరంగా ఒక గుంపు తల ఎత్తి మెడలు సాచింది. "నవ్వబాకండి, లేస్తాయి" అని పెద్దాయన గదిమాడు.

ఆయన గదమడంలో అర్థం ఉంది. పక్షి లేచి ఎగరడం మనకు అందమైన ఫొటో. దానికి మాత్రం తిన్న తిండి ఖర్చు, తినాల్సిన సమయం నష్టం.

సైబీరియా సంగతి

ఇక్కడి పక్షులన్నీ సైబీరియా నుంచి వస్తాయని మేము కూడా వక్తృత్వ పోటీల్లో చెప్పాం. అది సగమే నిజం. సూదితోక బాతుల వంటివి, చాలా రకాల ఉల్లంకి పిట్టలు నిజంగానే ఉత్తరాన చలిదేశాల నుంచి వచ్చి చలికాలం గడిపి పోతాయి. ఫ్లెమింగోల కథ వేరు. మన దేశంలో అవి గుడ్లు పెట్టే ముఖ్యమైన చోటు గుజరాత్‌లోని రాణ్ ఆఫ్ కచ్. ఇక గూడబాతులైతే పూర్తిగా మనవే. సూళ్ళూరుపేటకు దగ్గర్లోని నేలపట్టు చెరువులో నీటికడప చెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లలను లేపుతాయి. 1976లో దాన్ని పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. అయితే అంతకుముందు నుంచే ఊరివాళ్ళు ఆ పక్షులను కాపాడుకుంటున్నారు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పొలానికి పారితే ఎరువు ఖర్చు తగ్గుతుందని రైతుకు తెలుసు. పక్షులు గూడు నేలపట్టులో పెట్టి మేతకు పులికాట్‌కు వస్తాయి. కాబట్టి ఒకటి కాపాడి ఇంకొకటి వదిలేస్తే రెండూ పోయినట్టే.

ఎండ ఎక్కి గాలి లేవగానే నీళ్ళు కదిలిపోయాయి. తూర్పున శ్రీహరికోట అడవి నల్లని గీతలాగా కనిపిస్తోంది. అక్కడ తరతరాలుగా యానాదులు ఉండేవారు. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంపిక చేసిన తర్వాత వారిని అక్కడి నుంచి తరలించారు. రాకెట్ ఎగిరినప్పుడు మనమంతా చప్పట్లు కొడతాం, కొట్టాలి కూడా. దారి ఇచ్చిన వాళ్ళను కూడా ఆ పూట తలుచుకోవాలి.

"ఆ దీవి పక్కనే కాలవ. మా తాతలు దాంట్లోనే మద్రాసుకు పొయ్యేది" అన్నాడు పెద్దాయన. అదే బకింగ్‌హాం కాలువ. అక్కడికి వెళ్ళే వీలు మాకు లేదు. కానీ అదే కాలువ మా నెల్లూరు తీరం పొడవునా ఉంది గదా! ఆ సాయంత్రమే రైలెక్కి నెల్లూరు వచ్చేశాం. మరుసటి ఉదయం మైపాడు దగ్గర ఒక జాలరి అన్న చిన్న పడవలో అదే కాలువలోకి దిగాం.

దొర పేరు, కూలి చెమట

ఇది పంటలకు నీరిచ్చే కాలువ కాదు. సముద్రానికి దగ్గరగా, దాంతో సమాంతరంగా సాగుతూ, ఆటుపోట్ల నీటితో నిండే రవాణా కాలువ. పెదగంజాం నుంచి చెన్నై దాకా సుమారు 315 కిలోమీటర్లు. పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువతో కలుస్తుంది. అలా కృష్ణా, గోదావరి డెల్టా కాలువల మీదుగా కాకినాడ దాకా పడవ దారి ఉండేది. 1806లో బాసిల్ కాక్రేన్ అనే స్కాట్లండు వ్యాపారి మద్రాసు నుంచి ఎన్నూరు వైపు మొదలుపెట్టిన కాలువ, అంచెలంచెలుగా ఉత్తరానికీ దక్షిణానికీ పెరిగింది. బియ్యం, ఉప్పు, గుల్లసున్నం, శ్రీహరికోట కట్టెలు దీని మీదనే మద్రాసు చేరేవి. 1899లో మద్రాసు – బెజవాడ రైలు మార్గం వచ్చింది, తర్వాత లారీలు వచ్చాయి, 1960లలో తుపానులు దెబ్బతీశాయి. పడవలు ఆగిపోయాయి. 2008లో దీన్ని నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. మేము వెళ్ళిన చోట మాత్రం మాకు ఎదురైనవి వలలు, రెండు గట్ల మీద రొయ్యల గుంటలు, కొయ్య మీద ఒక లకుముకిపిట్ట.

ఇక పేరు సంగతి. 1876–78లో దక్షిణ భారతాన్ని పెద్ద కరువు పట్టింది. మన పెద్దలు ధాత కరువు అన్నది దాన్నే. అర కోటికి పైగా జనం చనిపోయారని అంచనా. మద్రాసు నగరంలో కూవం, అడయారు నదులను కలుపుతూ సుమారు 8 కిలోమీటర్ల కాలువను 1877–78లో కరువు పనిగా తవ్వించారు. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు. ఆయన పేరే కాలువకంతటికీ నిలిచింది.

ఆ ఏడు కరువు పనుల్లో కూలి ఎంతో తెలుసా? 1877 మొదట్లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి సిఫారసుతో పెట్టిన లెక్క ఇది. రోజంతా పనిచేసిన మగమనిషికి ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌను అంటే సుమారు 450 గ్రాములు. ఆడవాళ్ళకు, పిల్లలకు అంతకన్నా తక్కువ. అది మనిషి బతకడానికి చాలదని మద్రాసు ఆరోగ్య శాఖ అధికారి డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలలకు కూలి పెంచక తప్పలేదు. అప్పటికి ఎంతోమంది పోయారు.

కాలువ మధ్యలో ఈ లెక్క చెప్పుకుంటుంటే మాలో ఎవరూ మాట్లాడలేదు. మెస్సులో తూకం అంటే ఏమిటో మనకు తెలుసు. బియ్యం తక్కువ పడిన రాత్రి ఎలా ఉంటుందో తెలుసు. మా అమ్మలు ఉపాధి హామీ పనుల్లో గుంటకు కొలత తక్కువైందని కూలి కోత పెట్టించుకుని ఇంటికొచ్చిన రోజులు తెలుసు. తట్ట, గడ్డపార మా ఇళ్ళల్లో ఇప్పటికీ గోడకు ఆనించి ఉన్నాయి. ఆ కరువులో మట్టి మోసినవాళ్ళ పేర్లు కాలువ గట్టు మీద లేవు. అది మన చరిత్ర కాదని ఎవరన్నా అంటే మేము ఒప్పుకోం.

ఒక చిన్న సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ముందురోజు పులికాట్ రేవులో కెమెరాలతో వచ్చిన ఒక కుటుంబం మమ్మల్ని చూసి "పడవకు ఎంత తీసుకుంటారు?" అని అడిగింది. కోపం వచ్చిందని ఒకడన్నాడు, రాలేదని ముగ్గురం అన్నాం. కాలువలో కూర్చున్నప్పుడు మళ్ళీ ఆ మాట వచ్చింది. పడవవాళ్ళనుకుంటే తప్పేముంది? సరస్సు గురించి ఆ పూట మాకు పాఠం చెప్పింది పడవవాడే గదా!

వెళ్ళాలనుకునే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. చెన్నై – గూడూరు రైలు మార్గంలో తడ, సూళ్ళూరుపేట స్టేషన్లు ఉన్నాయి. నేలపట్టుకు దొరవారిసత్రం దగ్గర. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు సరస్సు మధ్యగా పోతుంది. పడవకు డబ్బు లేకపోయినా ఆ రోడ్డు మీద నుంచే ఫ్లెమింగోలు కనిపిస్తాయి.

తెల్లవారేసరికి నీటి దగ్గర ఉండాలి. అప్పుడు గాలి ఉండదు, పక్షులు మేత మీద ఉంటాయి. సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా నిలబడితే రంగులు తెలుస్తాయి. ఎర్ర చొక్కాలు వద్దు. పడవలో లేచి నిలబడవద్దు. లైఫ్ జాకెట్ లేని పడవ ఎక్కవద్దు. బైనాక్యులర్లు లేకపోయినా ఫరవాలేదు, మాకూ లేవు. ఒక నోటుబుక్కు చాలు. ఏ పక్షి, ఎంత లోతులో, ఏం తింటోంది – ఈ మూడు రాసుకోండి.

ఇక ఆ అమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు. ఆమె అన్నది నిజమే. ఊరికి పోయాక మా చెరువు గట్టు మీద కూర్చుని చూశాం. బురద అంచున ఉల్లంకి పిట్ట ఉంది. చీలమండ లోతులో తెల్లకొంగ ఉంది. చిన్నప్పుడు వాటి మీద రాళ్ళు విసిరినవాళ్ళం మేమే. అవి అక్కడే ఉన్నాయి, చూడడం మాకు తెలియలేదు. మీ ఊరి చెరువు దగ్గర కూడా ఉంటాయి. ఆ చెరువును ఎవరు తవ్వారో ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. వాళ్ళు చెప్పింది రాసి వచ్చే వార్షికోత్సవ సంచికకు పంపండి. మేము చదువుతాం.