బెలిలియస్ రోడ్డు మీద కళాశాల

హౌరా నుండి ఖరగ్‌పూర్ వైపు బయలుదేరే లోకల్ రైలు మొట్టమొదట ఆగే స్టేషను టికియాపారా. కలకత్తాకు బదిలీపై వెళ్ళిన మన ఉద్యోగులలో చాలామంది ఈ పేరును రైలు కిటికీలో నుండి చదివి ఉంటారే గాని అక్కడ దిగి ఉండరు. పట్టాల పొడవునా రైలు పెట్టెలను శుభ్రపరచి మరమ్మతు చేసే యార్డులు, ఆ వెనుక ఒకదానినొకటి ఒరుసుకొని నిలిచిన ఇళ్ళు, వాటి నడుమ లేత్ యంత్రాల రొద. హౌరాను ఒకప్పుడు తూర్పు దేశపు షెఫీల్డ్ అని పిలిచేవారు. ఆ పేరు తెచ్చిపెట్టిన చిన్న చిన్న కార్ఖానాలు బెలిలియస్ రోడ్డు మీద ఇంకా కనిపిస్తాయి. 1924లో స్థాపితమైన నరసింహ దత్త కళాశాల ఉన్నది కూడా ఆ రోడ్డు మీదనే. బస్తీలోని పన్నెండవ తరగతి విద్యార్థి నడిచి వెళ్ళగల దూరం అది. ఆ కొద్దిపాటి దూరం అంత దీర్ఘంగా ఎందుకు మారుతున్నదో పాఠకుల ముందుంచాలని మా ఉద్దేశం.

అటువంటి విద్యార్థిని ఒకరిని ఊహించుకుందాం. తండ్రి లేత్ మీద రోజుకూలీ. తల్లి ఇంట్లోనే జరీ పని చేస్తుంది. ఇంటి భాష ఉర్దూ లేదా హిందీ, వీధి భాష బెంగాలీ, కళాశాలలో ఎదురుకానున్న పుస్తకాల భాష ఆంగ్లం. ఒకే గదిలో ఆరుగురు నిద్రించే ఇంట్లో దీపం ఎంతసేపు వెలగాలన్నది కూడా అందరూ కలిసి తేల్చుకోవలసిన విషయమే. అంతకంటె పెద్ద లోటు మరొకటి ఉన్నది. ఆ ఇంట్లో ఇంతకు ముందు కళాశాల గడప తొక్కినవారు ఎవరూ లేరు. పదకొండవ తరగతిలో గణితం వదలివేస్తే ఇంజనీరింగు, గణాంకశాస్త్రం వంటి ద్వారాలు మూసుకుపోతాయని పదహారేళ్ళ పిల్లకు చెప్పేవారు ఎవరు? మన కాలనీలలో ఈ సంగతి భోజనాల దగ్గర మాటల్లోనే పిల్లలకు తెలిసిపోతుంది. దానిని మనం విద్యగా లెక్కించము గాని, నిజానికి అదే సగం విద్య.

మగపిల్లల కథ వేరు. మాధ్యమిక పరీక్ష నాటికే కార్ఖానా పిలుస్తుంది. సాయంత్రానికి చేతిలో పడే కూలి, మూడు నాలుగేళ్ళ తరువాత వస్తుందో రాదో తెలియని పట్టా కంటె బలమైనది. ఇందులో తండ్రులను నిందించడం తేలికే గాని న్యాయం కాదు. ఆడపిల్లల విషయంలో బెంగాల్ ప్రభుత్వం 2013లో ప్రారంభించిన కన్యాశ్రీ పథకం కొంత ఊతమిచ్చింది. పద్దెనిమిదేళ్ళు నిండేవరకు వివాహం కాకుండా చదువు కొనసాగించే అర్హులైన బాలికకు ఒకేసారి 25,000 రూపాయలు లభిస్తాయి. ఈ పథకానికి 2017లో ఐక్యరాజ్యసమితి ప్రజాసేవా పురస్కారం దక్కింది.

టికియాపారా గురించి వ్రాసేటప్పుడు మామూన్ అఖ్తర్ గారిని ప్రస్తావించకుండా ఉండలేము. ఈ బస్తీలోనే పెరిగిన ఆయన, జీతం కట్టలేక ఏడవ తరగతిలో బడికి దూరమయ్యారు. పట్టు వదలక తరువాత సొంతంగా చదువుకున్నారు. తమ ఇంటిలోని చిన్న గదిలో కొద్దిమంది పిల్లలను కూర్చోబెట్టుకొని పాఠాలు మొదలుపెట్టారు. అదే క్రమంగా సమారిటన్ హెల్ప్ మిషన్ అనే సంస్థగా, ఆపై హైస్కూలుగా ఎదిగింది. మధ్యలో బడి మానిన మనిషి కట్టిన బడి కావడం వల్లనేమో, పిల్లవాడు ఎప్పుడు, ఎందుకు జారిపోతాడో ఆయనకు బాగా తెలుసునని మాకు అనిపిస్తుంది.

ఇక పరీక్ష సంగతి. మన ఇంటర్మీడియట్‌కు సమానమైన అక్కడి ఉచ్చ మాధ్యమిక చదువు 2024లో పదకొండవ తరగతిలో చేరినవారి నుండి సెమిస్టర్ పద్ధతికి మారింది. ఆ విద్యార్థులు 2025 సెప్టెంబరులో మూడవ సెమిస్టర్‌ను ఓఎంఆర్ పత్రాలపై బహుళైచ్ఛిక ప్రశ్నలతో, 2026 ఫిబ్రవరిలో నాల్గవ సెమిస్టర్‌ను వివరణాత్మక జవాబులతో వ్రాశారు. మార్కుల దృష్ట్యా ఇది కొందరికి మేలు చేయవచ్చు. అయితే గళ్ళు నింపడంలో ఆరితేరిన విద్యార్థి, కళాశాలలో గంటసేపు ఉపన్యాసం విని తన మాటలలో రెండు పుటలు వ్రాయవలసి వచ్చినపుడు తడబడే ప్రమాదం లేకపోలేదు. ప్రవేశాల విషయంలో మాత్రం ఒక మేలు జరిగింది. 2024 నుండి రాష్ట్రంలోని అనేక కళాశాలలకు కలిపి ఒకే దరఖాస్తు, అదీ రుసుము లేకుండా, ఆన్‌లైన్‌లో చేసుకొనే వీలు కల్పించారు. కళాశాల కళాశాలకు తిరిగి ఫారాలు కొనే ఖర్చు తప్పింది. ఆధార్‌లో ఒక విధంగా, అడ్మిట్ కార్డులో మరొక విధంగా ఉన్న తండ్రి పేరు తెచ్చే తలనొప్పి మాత్రం తప్పలేదు.

అమెరికాలోని అనేక కళాశాలలు దరఖాస్తుతో పాటు పాఠశాల సలహాదారు వ్రాసిన నివేదికను కోరుతాయి. విద్యార్థి ఎటువంటి ఇంటి నుండి, ఎటువంటి బడి నుండి వచ్చాడో అందులో ఉంటుంది. మన దేశంలో ప్రవేశాలకు సాధారణంగా మార్కులే ప్రమాణం. దీనికి మన తెలుగునాట ఒక గౌరవప్రదమైన మినహాయింపు ఉన్నది. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, ప్రభుత్వ పాఠశాలల పిల్లల పదవ తరగతి గ్రేడుకు 0.4 పాయింట్లు అదనంగా కలిపే పద్ధతిని అమలుచేసింది. నూజివీడు, ఇడుపులపాయ, బాసర ప్రాంగణాలలో అడుగుపెట్టిన పల్లెపిల్లలను చూసినవారికి ఆ చిన్న అంకె విలువ వేరే చెప్పనక్కరలేదు. హౌరా పిల్లకు కూడా అటువంటి అంకె ఒకటి ఉంటే బాగుండునని మా అభిప్రాయం.

ఈ విషయం మనవారికి పరాయిది కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి ఉత్తరాంధ్ర కుటుంబాలెన్నో పొట్ట చేతపట్టుకొని ఈ మార్గంలోనే ఖరగ్‌పూర్ చేరాయి. ఖలాసీలుగా, ఫిట్టర్లుగా చేరిన తాతల మనుమలు నేడు పట్టభద్రులు. నెలనెలా అందిన జీతం, రైల్వే క్వార్టరు, దగ్గరలోని బడి ఆ మార్పు వెనుక ఉన్నాయి. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించడానికి కూడా ఆ జనసంఖ్యే కారణం. టికియాపారా రోజుకూలీకి జీతమూ లేదు, క్వార్టరూ లేదు.

డబ్బు ఒక్కటే అడ్డంకి అయితే దారులు కొన్ని ఉన్నాయి. 2021లో ప్రవేశపెట్టిన స్టూడెంట్ క్రెడిట్ కార్డు ద్వారా పది లక్షల రూపాయల వరకు 4 శాతం సాధారణ వడ్డీపై ఋణం దొరుకుతుంది. కాని అప్పు అనే మాటకే బెదిరే ఇంట్లో ఆ కాగితాన్ని చదివి వివరించే మనిషి కావాలి. కలకత్తాలో ఉన్న మన సోదర ఉద్యోగులు చేయగల పని సరిగ్గా ఇదే. ఆదివారం రెండు గంటలు చాలు. దరఖాస్తు నింపేటప్పుడు పక్కన కూర్చోవడం, ఏ సబ్జెక్టు తీసుకుంటే ఏ దారి తెరుచుకుంటుందో విడమరచి చెప్పడం, ఆంగ్ల పాఠం ఒక పేజీ బిగ్గరగా చదివించి వినడం. పుస్తకాలు ఇవ్వదలచినవారు గైడ్లు ఇవ్వవద్దు, అవి అక్కడ కావలసినన్ని ఉంటాయి. ముందుగా కావలసినవి నిఘంటువులు. ఆంగ్లం నుండి ఉర్దూకు ఒకటి, ఆంగ్లం నుండి హిందీకి ఒకటి.