పురుగుల షెడ్డులో తుమ్ములు, దద్దుర్లు: మన ఒంట్లో జరిగేది ఏంటి?



ఈసారి ఆకు సంగతి, గూళ్ల రేటు సంగతి పక్కన పెట్టి మన ఒంటి సంగతి రాస్తున్నాం. రెండు పంటలుగా మా ఇంటామెకు బెడ్డు తీసినప్పుడల్లా తుమ్ములు, కళ్లల్లో నీళ్లు, మోచేతుల దాకా దద్దుర్లు. "దుమ్ము పడలేదు" అని ఊరుకున్నాం. పోయిన పంటకి సాయంత్రం ఏడింటి దాకా గూళ్ల మీది పీచు వలిచింది. రాత్రి రెండింటికి ఊపిరి ఆడక లేచి కూర్చుంది, రొమ్ములో పిల్లికూతలు. సాఖర్ పేట నుంచి ఆటోలో దవాఖానకు పరుగెత్తినం. పురుగులు మానేద్దామా అన్న మాట ఇంట్లో వచ్చింది. డాక్టరు చెప్పింది, తర్వాత మేము చదువుకున్నది మీకూ పనికొస్తుందని రాస్తున్నాం.

*కాపలా కణాలు*

మన చర్మం కింద, ముక్కులో, ఊపిరి గొట్టాల్లో మాస్ట్ కణాలని ఉంటాయి. 1878లో పాల్ ఎర్లిక్ అనే జర్మన్ శాస్త్రవేత్త వీటికి పేరు పెట్టాడు. లోపల నిండా గింజలు కనబడితే బాగా మేసిన కణాలు అనుకున్నాడు, మన ఐదో దశ పురుగుల్లాగా. ఆ గింజల్లో ఉండేది మేత కాదు, హిస్టమిన్ లాంటి మందుగుండు.

పట్టుపురుగు ఒంటి పొడి, రెట్ట, చిలకల రెక్కల పొలుసు, గూడు పీచు, వీటన్నిట్లో ప్రోటీన్లు ఉంటాయి. అందరికీ కాదు గానీ కొందరి ఒంటికి అవి శత్రువుల్లాగా కనబడతాయి. అప్పుడు ఒళ్లు ఐజీఈ అనే ప్రతిరక్షకం తయారు చేస్తుంది. దీన్ని 1966లో ఇషిజాకా దంపతులు కనుక్కున్నారు. ఈ ఐజీఈ పోయి మాస్ట్ కణం పైన ఉండే గ్రాహకాల్లో కూర్చుంటుంది. ఇంతవరకు మనకేమీ తెలియదు. అందుకే మొదటి పంటల్లో బాగానే ఉండి తర్వాత మొదలవుతుంది.

*లోపల కబురు ఎట్లా పోతుంది*

మళ్లీ షెడ్డులోకి పోయినప్పుడు అదే ప్రోటీన్ వచ్చి పక్కపక్కన ఉన్న రెండు ఐజీఈలను ఒకేసారి పట్టుకుంటుంది. ఒక్కదాన్ని పట్టుకుంటే చాలదు, రెండు పోగులు ముడి పడాలి. ముడి పడగానే లిన్ అనే ప్రోటీన్ గ్రాహకం తోకకు ఫాస్ఫేట్ గుర్తు వేస్తుంది. ఆ గుర్తు చూసి సిక్ అనే ప్రోటీన్ వచ్చి పని అందుకుంటుంది. అది ల్యాట్ అనే దానికి గుర్తు వేస్తుంది. అట్లా చేతులు మారి మారి చివరికి కణంలో కాల్షియం పెరుగుతుంది. కాల్షియం పెరగగానే గింజలు బయటికి పగులుతాయి. ఇదంతా నిమిషాల్లో పని. హిస్టమిన్‌తోనే దురద, తుమ్ములు, దద్దుర్లు.

అంతటితో అయిపోదు. అదే కబురు కణం లోపల కొత్త సరుకు కూడా తయారు చేయిస్తుంది. దాని పిలుపుకు వేరే కణాలొచ్చి చేరి, కొన్ని గంటల తర్వాత ఊపిరి గొట్టాలు వాస్తాయి. సాయంత్రం పని చేస్తే అర్ధరాత్రి ఆయాసం రావడానికి కారణం ఇదే.

*మన గల్లీలో జరిగే పొరపాటు*

మగ్గాల మధ్య పెరిగిన మనకు ప్రతి దగ్గూ "నూలు దుమ్ము"గానే కనబడుతుంది. పత్తి దుమ్ము జబ్బు వేరే. అందులో సెలవు తర్వాత మొదటి రోజు రొమ్ము బిగుసుకోవడం ఎక్కువ, వారం పోయేకొద్దీ తగ్గుతుంది. పురుగుల అలర్జీ పంట లేనప్పుడు తగ్గి, పంట ఎక్కగానే తిరగబెడుతుంది. ఫార్మాలిన్, బ్లీచింగ్ ఘాటుకు కళ్లు మండటం ఇంకోటి, అది ఎవరికైనా మండుతుంది. పట్టు రీలింగ్ కార్మికుల ఉబ్బసం గురించి హరీంద్రనాథ్, ప్రకాశ్, పి.వి. సుబ్బారావు 1985లోనే రాశారు. ఇది కొత్త జబ్బేమీ కాదు.

*ఏం చేయాలి*

1. అలర్జీ మాత్ర హిస్టమిన్‌కు మాత్రమే అడ్డం పడుతుంది, లోపలి కబురును ఆపదు. మాత్ర వేసుకుని అదే దుమ్ములో కూర్చుంటే ఆయాసం ఆగదు. పిల్లికూతలు ఉంటే డాక్టరు రాసిన ఇన్‌హేలర్ మానొద్దు.
2. బెడ్డు తీసేటప్పుడు, పీచు వలిచేటప్పుడు ముక్కుకు గట్టిగా అతుక్కునే మాస్కు, గ్లౌజులు, నిండు చేతుల చొక్కా వేసుకోండి. కిటికీలు తీయండి. పొడిగా ఊడ్వొద్దు.
3. షెడ్డు బట్టలు షెడ్డులోనే విప్పి, స్నానం చేసి ఇంట్లోకి రండి.
4. పెదాలు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగి పడిపోయినా అది మాత్రతో పోయేది కాదు. అడ్రినలిన్ ఇంజక్షన్ కావాలి. వెంటనే 108కి ఫోన్ చేయండి.
5. ప్యూపా తిన్నాక ఒళ్లంతా దద్దుర్లు లేచి ప్రాణం మీదికి వచ్చిన కేసులు చైనాలో ఉన్నాయి. పురుగు పడనివాళ్లు దాని జోలికి పోవద్దు.

మేము పురుగులు మానలేదు. బెడ్డు, పీచు పని మేమూ పిల్లాడూ చూస్తున్నాం. ఆమె ఆకు కోత, లెక్కలు చూస్తోంది. జబ్బు పోలేదు, కానీ ఈ పంటకి రాత్రిపూట ఆటో ఎక్కే పని పడలేదు.

మీ ఇంట్లో పంట పంటకీ ఎవరికైనా తుమ్ములు, ఆయాసం ఎక్కువవుతుంటే "దుమ్మే" అని ఊరుకోకండి. పైసలు ఖర్చవుతాయని ఆడవాళ్లు చెప్పరు, మనమే అడగాలి. ఏ పనిలో ఎక్కువవుతుందో, ఎన్ని గంటలకు వస్తుందో ఒక కాగితం మీద రాసి డాక్టరుకు చూపించండి. మీ అనుభవం గ్రూపులో రాయండి, పదిమందికి పనికొస్తుంది.