20 డాలర్ల విలుకాడు

అక్టోబరు వచ్చిందంటే అమెరికాలో పిల్లలకు వేషాల సందడి... పెద్దలకు ఖర్చుల లెక్క! హాలోవీన్ రోజు మీ బుడతడు విల్లు పట్టిన సూపర్ హీరో అవుతానంటున్నాడా? కంగారొద్దు. సగం సరంజామా మీ వంటింట్లోనే ఉంది!

'అమ్మా, ఈసారి నేను గ్రీన్ యారో!'
'నాన్నా, నాకు హాక్‌ఐ డ్రెస్ కావాలి!'

అక్టోబరులో అమెరికాలోని చాలా ఇళ్లలో ఇలాంటి మాటలే వినిపిస్తాయి. న్యూజెర్సీ, టెక్సాస్, కాలిఫోర్నియాల్లోని తెలుగు ఇళ్లూ దీనికి మినహాయింపేమీ కాదు. అక్టోబరు 31 సాయంత్రం పిల్లలంతా వేషాలు కట్టి వీధిన పడతారు. ఇంటింటికీ వెళ్లి 'ట్రిక్ ఆర్ ట్రీట్' అంటూ తలుపు తడతారు, సంచుల నిండా చాక్లెట్లు పోగేసుకుంటారు. తరగతిలో అందరూ ఏదో ఒక వేషంలో ఉంటే తమ పిల్లాడొక్కడే మామూలు చొక్కాలో నిలబడటం ఏ తల్లికి మాత్రం బాగుంటుంది?

అలాగని దుకాణానికి వెళితే... పేరున్న సినిమా హీరో డ్రెస్ 30, 40 డాలర్లు పలుకుతుంది. విల్లు వేరే, అమ్ములపొది వేరే, ముసుగు వేరే. ఇద్దరు పిల్లలుంటే చెప్పక్కర్లేదు. పైగా ఆ పలుచటి బట్ట ఒక్క రాత్రికే కుట్లు ఊడిపోతుంది. మరుసటి ఏడాదికి పొట్టయిపోతుంది. అద్దె, కారు వాయిదా, ఇంటికి పంపే డబ్బు... అన్నీ ఒక్క జీతంలోనే సర్దుకోవాల్సిన ఇంట్లో ఇది చిన్న ఖర్చేం కాదు. ఈ పండగకి అమెరికన్లు పెట్టే ఖర్చు అసలే తక్కువ కాదు మరి. 2023లో హాలోవీన్ ఖర్చు 1,220 కోట్ల డాలర్లకు చేరుతుందని అక్కడి జాతీయ రిటైల్ సమాఖ్య అంచనా వేసింది. అందులో ఒక్క వేషాల వాటానే 410 కోట్లు!

కానీ విలుకాడి వేషానికి అంత అక్కర్లేదు. ఎందుకంటే...

ఇతగాడికి శక్తుల్లేవు!

సూపర్‌మ్యాన్ ఎగురుతాడు, స్పైడర్‌మ్యాన్ గోడలెక్కుతాడు. విలుకాడు మాత్రం మనలాంటి మనిషే. అతని దగ్గరున్నదల్లా గురి, సాధన, చేతిలో విల్లు. అందుకే అతని వేషానికి కండలు తిరిగిన రబ్బరు తొడుగులు, మెరిసే కవచాలు అవసరం లేదు.

గ్రీన్ యారో 1941లో డీసీ కామిక్స్‌లో పుట్టాడు. అసలు పేరు ఆలివర్ క్వీన్, పెద్ద ధనవంతుడు. దిక్కులేని దీవిలో చిక్కుకుని, బతకడం కోసం విల్లు తనే తయారు చేసుకుని గురి నేర్చుకున్నాడన్నది అతని కథ. మొదట్లో అచ్చం రాబిన్‌హుడ్‌లా ఈక గుచ్చిన టోపీ పెట్టుకునేవాడు. 1987లో మైక్ గ్రెల్ అనే రచయిత, చిత్రకారుడు ఆ టోపీ తీసేసి తలమీదకి ముసుగు కప్పాడు. 2012లో మొదలై 2020 దాకా నడిచిన 'యారో' టీవీ సీరియల్‌తో ఆ ముసుగే ఇంటింటికీ తెలిసింది. అది కామిక్స్ అభిమానులకే కాదు, అమ్మానాన్నలకూ మంచి వార్తే. ముసుగంటే మరేం లేదు... తల టోపీ ఉన్న ఆకుపచ్చ హుడీ!

హాక్‌ఐ మార్వెల్ వారి విలుకాడు. 1964లో వచ్చాడు. కామిక్స్‌లో అతని రంగు ఊదా. 2012 నాటి 'అవెంజర్స్' సినిమాలో జెరెమీ రెన్నర్ వేసింది ఈ పాత్రే. అమ్మాయిలు దిగులు పడక్కర్లేదు. 2005లో కామిక్స్‌లోకి వచ్చిన కేట్ బిషప్ కూడా హాక్‌ఐ పేరుతోనే విల్లు పట్టింది. 2021లో వచ్చిన 'హాక్‌ఐ' సిరీస్‌లో తనే ఓ కథానాయిక. ఊదా రంగు చొక్కా, నల్ల ప్యాంటు, నల్ల కళ్లద్దాలు, భుజాన విల్లు... కేట్ సిద్ధం!

అంటే రంగొక్కటే తేడా. మిగతా సరంజామా అంతా ఒకటే. ఈ ఏడాది అన్నయ్య వేసిన వేషం వచ్చే ఏడాది చెల్లికి పనికొస్తుంది.

మూడు ఆదివారాలు చాలు

మొదటి ఆదివారం: బట్టల వేట. ముందు ఇంట్లో బీరువా వెతకండి. దొరక్కపోతే గుడ్‌విల్, సాల్వేషన్ ఆర్మీ లాంటి సంస్థలు నడిపే పాత బట్టల దుకాణాలున్నాయి. ఆకుపచ్చ హుడీ 6 నుంచి 8 డాలర్లలో దొరకొచ్చు. ఒక సైజు పెద్దదే తీసుకోండి. షికాగో లాంటి చోట అక్టోబరు చివరికే చలి వణికిస్తుంది. కష్టపడి వేషం కట్టి, పైన జాకెట్ తొడిగితే గ్రీన్ యారో కాస్తా మాయం! హుడీ వదులుగా ఉంటే లోపల స్వెట్టర్ పట్టేస్తుంది. మెడ దగ్గరి తాడు మాత్రం లాగేయండి. ఎక్కడైనా చిక్కుకుంటే బిగుసుకునే ప్రమాదం ఉంది.

ఛాతీ మీద ముదురాకుపచ్చ ఫెల్ట్ గుడ్డని బాణం మొన ఆకారంలో కత్తిరించి పెట్టండి. జిగురు వద్దు. పొడుగు పొడుగు టాకాలు వేస్తే చాలు. పండగయ్యాక విప్పేస్తే ఆ హుడీ చలికాలమంతా బడికి వేసుకెళ్లొచ్చు. కింద నల్ల ప్యాంటు, కాళ్లకి రోజూ వేసుకునే బూట్లే.

రెండో ఆదివారం: విల్లు, అమ్ములపొది. ఈతకొలనులో పిల్లలు పట్టుకుని తేలే పొడవాటి ఫోమ్ గొట్టం చూశారుగా, పూల్ నూడుల్ అంటారు. దాదాపు నాలుగడుగులుంటుంది. వేసవి అయిపోయాక మిగిలిన సరుకు తక్కువ ధరకి ఇచ్చేస్తుంటారు. రెండు కొసల్లో అర అంగుళం గాటు పెట్టి, అక్కడ చిరగకుండా టేపు చుట్టండి. గొట్టం కంటే జానెడు పొట్టిగా ఉలెన్ దారం తీసుకుని గాట్లలో బిగించి కడితే, గొట్టం దానంతటదే విల్లులా వంగుతుంది. మొత్తం నల్ల టేపు, నడుమ పిడికిలి పట్టేచోట గోధుమరంగు టేపు చుడితే సరి. ఉలెన్ దారం కదా, బాణం వేద్దామన్నా ఎగరదు. మనకి కావాల్సిందీ అదే!

అమ్ములపొదికి గుండ్రటి ఓట్స్ అట్ట డబ్బా భేషుగ్గా పనికొస్తుంది. కిరాణా దుకాణంలో ఇచ్చే గోధుమరంగు కాగితం సంచిని బాగా నలిపి, మళ్లీ విప్పి, మళ్లీ నలపండి. పదిసార్లు చేసేసరికి మెత్తబడి, ముడతలతో అచ్చం తోలులా కనిపిస్తుంది. దాన్ని డబ్బాకి అంటించండి. డబ్బా పైనా కిందా చీలికలు పెట్టి పాత ల్యాప్‌టాప్ బ్యాగు పట్టీ దూర్చండి. సాఫ్ట్‌వేర్ ఇళ్లలో ఆ పట్టీకి కరవేముంది!

ఇక బాణాలు. పాత పేపరు సన్నగా చుట్టి అరడజను గొట్టాలు చేయండి. ఒక కొసకి రంగు కాగితంతో ఈకలు అంటించండి. పొదిలోంచి బయటికి కనిపించేది బాణం తోకే. మొనలు లేవన్న సంగతి ఎవరికీ తెలీదు. వాటిని డబ్బా లోపల ఒక పక్కకి జిగురుతో అంటించేస్తే పరిగెత్తినా ఊడవు. మిగిలిన జాగాలో చాక్లెట్లు వేసుకోవచ్చు. అయితే వీపున ఉన్న పొదిలో వేయాలంటే పక్కన నేస్తం ఉండాల్సిందే!

మూడో ఆదివారం: చిల్లర సామాను, రిహార్సల్. మడమ దాకా కత్తిరించిన పాత మేజోడు ముంజేతికి తొడిగి, పైన బూటు లేసు అడ్డదిడ్డంగా చుడితే అదే విలుకాడి ముంజేతి పట్టీ. కళ్ల చుట్టూ కట్టే చిన్న ముసుగుని మిగిలిన ఫెల్ట్‌తో చేసి ఎలాస్టిక్ కుట్టొచ్చు. కంటి రంధ్రాలు మాత్రం పెద్దవిగా ఉండాలి. అసలు ముసుగు బదులు ఆకుపచ్చ రంగు పూస్తే చూపుకి అడ్డమే ఉండదు. ఆ రంగుని ఒకట్రెండు రోజుల ముందే చేతిమీద కొంచెం రాసి చూడండి. దురద, దద్దుర్లు రాకపోతేనే ముఖానికి.

లెక్క చూద్దామా? హుడీ 8, ఫెల్ట్ 2, ఫోమ్ గొట్టం 2, టేపులు 4, చీకట్లో మెరిసే టేపు 4. వెరసి 20 డాలర్లు. ఊరిని బట్టి, దుకాణాన్ని బట్టి ఒకటి అటూ ఇటూ. హుడీ ఇంట్లోనే ఉంటే 12తో సరి. డబ్బా, సంచి, పట్టీ, మేజోడు... అన్నీ ఉచితమే!

విల్లు లేని విలుకాడు

అంతా అయ్యాక ఒక చిక్కుంది. చాలా అమెరికన్ బడుల్లో బొమ్మ ఆయుధాలు తీసుకురానివ్వరు. ఫోమ్ విల్లయినా సరే! కొన్ని బడుల్లో ముసుగులూ కుదరవు. ముందు రోజు రాత్రి బడి పంపిన కాగితం చూసి పిల్లాడు ఏడుపు లంకించుకోవడం కంటే, ముందే నిబంధనలు కనుక్కోవడం మేలు. ఛాతీ మీద బాణం గుర్తు, తలమీద టోపీ, ముంజేతి పట్టీ... విల్లు లేకుండా కూడా వేషం గుర్తుపట్టేలా ఉందో లేదో రిహార్సల్‌లోనే చూసుకోవాలి. విల్లు సాయంత్రం వీధిలోకే.

సాయంత్రానికి ఇంకో జాగ్రత్త. ముదురాకుపచ్చ, ఊదా, నలుపు... మూడూ చీకట్లో కలిసిపోయే రంగులే. 1975 నుంచి 2016 దాకా 42 ఏళ్ల రోడ్డు ప్రమాదాల లెక్కలు పరిశీలించిన పరిశోధకులు 2019లో ప్రచురించిన ఫలితాలు కలవరపెట్టేవే. మామూలు సాయంత్రాలతో పోలిస్తే హాలోవీన్ సాయంత్రం పాదచారుల మరణాల ముప్పు 43 శాతం ఎక్కువట! అందుకే ఆ నాలుగు డాలర్ల మెరిసే టేపు విషయంలో పిసినారితనం కూడదు. వీపున పొదికి, బాణాల తోకలకి, రెండు చేతులకి, బూట్ల మడమలకి అంటించండి. కారు దీపాలు పడగానే తళుక్కుమంటాయి. చేతిలో టార్చిలైటు, పక్కన పెద్దవాళ్లు తప్పనిసరి. గుమ్మాల్లో గుమ్మడికాయ దీపాలుంటాయి కాబట్టి వేలాడే అంగీలు వద్దు.

కొన్నదే గొప్పా?

దుకాణంలో కొన్న వేషం ముందు ఇంట్లో చేసింది చిన్నబోతుందేమోనన్న బెంగ కొందరిది. నిజానికి అమెరికాలో ఈ పండగ వేషాలు ఇంట్లోనే పుట్టాయి. ఐర్లాండ్, స్కాట్లాండ్‌ల నుంచి వలస వెళ్లినవారు 19వ శతాబ్దంలో ఈ సంబరాన్ని అక్కడికి పట్టుకెళ్లారు. 1909లోనే డెన్నిసన్ అనే కాగితాల కంపెనీ హాలోవీన్ అలంకరణల గురించి ప్రత్యేకంగా పుస్తకం వేసింది. తర్వాతి కాలంలో ముడతల కాగితంతో ఇంట్లోనే వేషాలు చేసుకోవడం అందులో నేర్పేవారు. పెట్టెల్లో పెట్టి అమ్మే రెడీమేడ్ వేషాలు జోరందుకున్నది ఆ తర్వాతే.

మనకైనా ఇది కొత్తా? పగటి వేషగాళ్లు ఇల్లిల్లూ తిరిగిన నేల మనది. ఇక విల్లు సంగతంటారా... ఒకప్పుడు దసరా వచ్చిందంటే పల్లెల్లో పంతులుగారు బడిపిల్లల్ని వెంటబెట్టుకుని ఇంటింటికీ వెళ్లేవారు. పిల్లల చేతుల్లో రంగు కాగితాలు చుట్టిన వెదురు విల్లంబులు. పద్యాలు పాడుతూ పూలరేకులు, బుక్కాగుండ ఇంటివాళ్ల మీద చల్లేవారు. పంతులుగారికి కానుక, పిల్లలకి పప్పుబెల్లాలు. చేతిలో విల్లు, వీధిలో తిరుగుడు, గుమ్మం దగ్గర తీపి... డాలస్‌లో విల్లు పట్టి తలుపు తడుతున్న మనవడిని వీడియో కాల్‌లో చూసే తాతయ్యకి అదంతా గుర్తుకు రాకుండా ఉంటుందా!

అందుకే పని మొత్తం పెద్దలే చేసేయకండి. కత్తెర, వేడి జిగురు తుపాకీ మీ చేతిలో ఉంచుకుని, మిగతాది పిల్లలకి వదలండి. కాగితం నలపడం, టేపు చుట్టడం, ఈకలు అంటించడం ఆరేళ్ల పిల్లలైనా చేస్తారు. ఈకలు వంకరగా ఉన్నాయా? ఉండనివ్వండి. 'ఈ విల్లు ఎక్కడ కొన్నావ్?' అని నేస్తం అడిగితే 'నేనే చేశా' అనే మాట ఏ దుకాణంలోనూ దొరకదు. దీవిలో చిక్కుకున్న ఆలివర్ క్వీన్ చేసిందీ అదేగా!

నవంబరు ఒకటిన హుడీ బడికి వెళ్లిపోతుంది, అట్ట డబ్బా చెత్తబుట్టకి. విల్లు మాత్రం అటక మీద దాచండి. మళ్లీ ఏడాది హాలోవీన్ కంటే ముందే దసరా వస్తుంది. బొమ్మల కొలువు పక్కన ఆ విల్లు పిల్లాడి చేతికిచ్చి, గుప్పెడు పప్పుబెల్లం నోట్లో పోసి, పంతులుగారి కథ చెప్పొచ్చు. దానికి మాత్రం ఒక్క డాలరూ ఖర్చు కాదు!