ట్యూబు మీద సన్నక్షరాలు చదివారా?

‘‘అన్నా, దురదకి మంచి ట్యూబొకటి ఇవ్వవా!’’

దిల్‌సుఖ్‌నగర్ మందుల దుకాణాలకు ఈ మాట కొత్తకాదు. నల్గొండ, ఖమ్మం, విజయవాడ వైపు నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో బస్సు దిగే కోచింగ్ కుర్రాళ్లు చైతన్యపురి, కొత్తపేట సందుల్లోని హాస్టళ్లలో చేరతారు. గదికి నలుగురు, ఉంటే ఒక కిటికీ. ఉతికిన జీన్సు లోపలే దండెం మీద ఆరీ ఆరకముందే కాళ్లకెక్కుతుంది. చెమట, తడి, బిగుతు బట్ట... తామరకు అంతకన్నా ఏం కావాలి! గజ్జల్లోనో, నడుం చుట్టూనో గుండ్రటి మచ్చ మొదలై, అంచు ఎర్రగా లేస్తుంది. చెప్పుకోవాలంటే సిగ్గు. అందుకే డాక్టరు దగ్గరికి కాకుండా కౌంటరు దగ్గరికి నడుస్తారు.

చిక్కు అక్కడే మొదలవుతుంది. దురదను అందరికన్నా ముందు ఆపే ట్యూబు సాధారణంగా స్టిరాయిడ్ కలిసినదే. అందులో ఓ ఫంగస్ మందు, ఓ యాంటీబయాటిక్, వాటి పక్కనే క్లోబెటాసాల్, బెక్లోమెథాసోన్ లాంటి పేరొకటి ఉంటాయి. రెండ్రోజుల్లో ఎరుపు పోతుంది. ‘భలే మందు’ అని పక్క మంచం అబ్బాయికీ ఇస్తారు! నిజానికి ఎరుపూ దురదా ఫంగస్‌తో ఒళ్లు చేస్తున్న పోరాటానికి గుర్తులు. స్టిరాయిడ్ ఆ పోరాటాన్నే అణిచేస్తుంది. పూయడం ఆపగానే మచ్చ మళ్లీ వస్తుంది, ఈసారి ఇంకా వెడల్పుగా. అంచు చెరిగి రూపు మారిపోతే డాక్టరుకు కూడా గుర్తుపట్టడం కష్టం. నెలల తరబడి రాస్తే తొడల లోపలి చర్మం పలచబడి చారలు పడతాయి. ఆ చారలు పూర్తిగా పోవు.

డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలంటూ 2018లో కేంద్రం 14 రకాల స్టిరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్ కట్టుబాట్ల కిందికి తెచ్చింది. చీటీ అడిగే కౌంటర్లు ఎన్నన్నది వేరే సంగతి.

ఈలోగా ఫంగస్ కూడా ముదిరింది. 2020లో జపాన్ పరిశోధకులు ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని కొత్త రకానికి పేరు పెట్టారు. పేరులోనే ఇండియా ఉంది. తామరకు వాడే టెర్బినాఫిన్‌కు ఇది చాలాసార్లు లొంగదు. 2023లో న్యూయార్క్‌లోనూ బయటపడింది.

మరి ఏది కొనాలి? ట్యూబు వెనక సన్నక్షరాల్లో ఒక్క మందు పేరే ఉన్నది. క్లోట్రిమజోల్, మైకొనజోల్, కీటోకొనజోల్, లులికొనజోల్... వీటిలో ఏదైనా సరే. లులికొనజోల్ రోజుకొకసారి చాలు, క్లోట్రిమజోల్ రెండుసార్లు రాయాలి. ఖరీదుకన్నా ఓపిక ముఖ్యం. మచ్చ అంచు దాటి రెండు వేళ్ల వెడల్పు వరకూ పూయాలి. మచ్చ కనబడకుండా పోయాక మరో రెండు వారాలు రాయాలి. చాలామంది దురద తగ్గిననాడే మూత బిగించేస్తారు! తువ్వాలు ఎవరిది వాళ్లకే ఉండాలి, బట్టలు ఎండలోనే ఆరాలి.

గదిలో అందరికీ రాత్రిళ్లు దురద, వేళ్ల సందుల్లో పొక్కులు ఉంటే అది తామర కాదు, గజ్జి కావచ్చు. దానికి ఈ ట్యూబులేవీ పనిచేయవు. తల, గోళ్లు, ముఖం మీద వచ్చినా, మధుమేహం ఉన్నా, ఒళ్లంతా పాకినా, రెండు మూడు వారాలకూ తగ్గకపోయినా చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాల్సిందే. వాళ్లు కాస్త చర్మం గీకి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. వెళ్లేటప్పుడు అంతకుముందు పూసిన ట్యూబు, నలిగిపోయినదైనా సరే, జేబులో వేసుకెళ్లాలి. వైద్యులు మొదట అడిగేది దాని గురించే.