మిరప చేల కింద మరో ఊరు

విజయవాడ నుంచి గుంటూరు వెళ్లే జాతీయ రహదారి మీద, నంబూరు దగ్గర వచ్చే బస్టాపు పేరు నాగార్జున నగర్. గుంటూరులో 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పీజీ కేంద్రంగా మొదలైన చదువుల చోటు 1976 సెప్టెంబరు 11న ఇక్కడి నాగార్జున విశ్వవిద్యాలయమైంది. 2004లో పేరు ముందు ‘ఆచార్య’ చేరింది. ఇక్కడ దిగే కుర్రకారులో ప్రాచీన చరిత్ర, పురావస్తు శాస్త్రం చదవడానికి వచ్చేవాళ్లు ఏ కాలంలోనూ గుంపులు గుంపులుగా ఉండరు. అయితే వాళ్లకున్న ప్రయోగశాల ఇంకే శాఖకీ లేదు. కృష్ణ ఒడ్డున అమరావతి, దాన్ని ఆనుకుని ధరణికోట, రేపల్లె వైపు భట్టిప్రోలు, పల్నాట్లో గోలి, నాగార్జునకొండ, ప్రకాశం మెట్టలో గుండ్లకమ్మ పక్కన చందవరం, సముద్రం ఒడ్డున మోటుపల్లి. మధ్యలో ఉన్నదంతా పత్తి, మిరప.

ఈ నేల వయసు చెప్పాలంటే గుండ్లకమ్మ ఎగువకు పోవాలి. అక్కడి రెట్లపల్లె దగ్గర దొరికిన రాతి పనిముట్ల కాలం సుమారు 2 లక్షల 47 వేల ఏళ్ల దాకా వెళుతుందని 2022లో పరిశోధకులు ప్రకటించారు. ఇటు చివర మోటుపల్లి. 1244 ప్రాంతంలో కాకతీయ గణపతిదేవుడు అక్కడి రేవులో వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు. గాలివానకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే, లోపలి సరుకంతా పూర్వపు రాజులు లాగేసుకునేవారట. ఇకమీదట సుంకం తప్ప ఇంకేమీ తీసుకోబోమని రాజు మాట ఇచ్చాడు. ఆదాయం పెంచుకునే తెలివి అందులో ఎంత, దయ ఎంత అన్నది క్లాసులో వాదించుకోవలసిన సంగతి.

అమరావతి కథ మాత్రం చదువుకునేవాళ్లకి కాస్త కష్టంగానే ఉంటుంది. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు చింతపల్లి వదిలి ఇక్కడ కొత్త రాజధాని కట్టుకుంటున్న రోజుల్లో ‘దీపాలదిన్నె’ అని పిలిచే బౌద్ధ స్తూపం రాళ్లు ఇళ్లకీ, గుళ్లకీ తరలాయి. ఆ సంగతి విని 1797లో కాలిన్ మెకంజీ వచ్చాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన చెక్కడాలు మద్రాసు చేరి, అక్కడి నుంచి వందకు పైగా 1859లో లండన్ ఓడ ఎక్కాయి. తర్వాత 1877లో రాబర్ట్ సూయెల్, 1880ల మొదట్లో జేమ్స్ బర్జెస్, 1900ల తొలి దశకంలో అలెగ్జాండర్ రీ వరసగా తవ్వారు. ఇవాళ అమరావతిలో మిగిలింది దాదాపు 50 మీటర్ల అడ్డుకొలత ఉన్న ఇటుకల గుండ్రం, చుట్టూ విరిగిన రాతి స్తంభాలు. శిల్పాల్లో మేలైనవి చూడాలంటే చెన్నై ఎగ్మూరు మ్యూజియానికో, బ్రిటిష్ మ్యూజియానికో పోవాలి.

అంతమాత్రాన ఇక్కడ చదవడానికేమీ మిగల్లేదనుకుంటే పొరపాటు. ఒక బొమ్మ ఏ పొరలో, ఏ పెంకుల మధ్య, ఏ బూడిద పక్కన పడి ఉందో తెలియకపోతే అది అందమైన రాయి మాత్రమే. పాతకాలంలో తవ్వినవాళ్లు రాళ్లు తీసుకుపోయారు, పొరలు రాసిపెట్టుకున్నది తక్కువ. అందుకే 1962–65 మధ్య ధరణికోటలో జరిగిన తవ్వకాలు నాకు ఎక్కువ ఇష్టం. బయటపడింది పెద్ద శిల్పమేమీ కాదు. పడవలు ఆగడానికి కట్టిన రేవు, ఇంకా కుండ పెంకులు. లోపలివైపు సన్నని గీతల చక్రాలు తిప్పిన నున్నటి పెంకు ఒకటి చేతికొస్తే చాలు, అది తూర్పు తీరపు రేవులన్నిటా తిరిగిన సరుకని గుర్తుపడతారు. ఆ తీరపు మరో రేవు అరికమేడులో దొరికేదీ ఆ రకమే.

పెంకులు వెతకడానికి ఇక్కడివాళ్లకో కాలం ఉంది. మిరపకాయ కోతలు అయిపోయి, పత్తి కట్టె పీకేశాక, చేలు బోడిగా పడి ఉన్నప్పుడు వరసలో నడుస్తూ నేల చూస్తారు. తొలకరి జల్లు పడిన మర్నాడు ఇంకా మేలు, దుమ్ము కడుక్కుపోయి ఎర్ర పెంకు, నల్ల పెంకు విడివిడిగా కనబడతాయి. దారి చెప్పేది ఊరివాళ్లే. ‘పాటిదిబ్బ’ ఎక్కడని అడిగితే చూపిస్తారు. పాత ఊరు కూలి మట్టయిన ఆ దిబ్బల్లోంచి బండ్లకొద్దీ పాటిమన్ను తోలి పొలాలకు ఎరువుగా వేసుకున్నారు రైతులు. అందువల్ల పెంకు కనబడిన ప్రతి చేనూ పాత ఊరు కాదు, పక్క దిబ్బ నుంచి బండెక్కి వచ్చి ఉండొచ్చు.

నల్లరేగడి ఇంకో చిక్కు పెడుతుంది. ఎండాకాలం నిలువునా నెర్రెలు బారుతుంది. పైన ఉన్న పూస, పెంకు నెర్రెలోకి జారిపోతాయి. వాన పడగానే నేల ఉబ్బి మూసుకుంటుంది. కింద ఉన్నదే పాతది అన్న పురావస్తు శాస్త్రపు మొదటి పాఠాన్ని ఈ నేల నిక్కచ్చిగా పాటించదు. అందుకే ఏది దొరికినా దాని లోతుతో పాటు అక్కడ నెర్రె ఉందేమో కూడా చూసి రాసుకోవాలి.

శాసనం దగ్గర పని వేరు. రాయి కడిగి, తడి కాగితం పరిచి, గట్టి కుంచెతో మోది అక్షరాల పల్లాల్లోకి కాగితాన్ని దించుతారు. ఆరుతుండగా సిరా అద్దితే నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు తేలతాయి. లిపి నేర్చుకోవడానికి భట్టిప్రోలుకు మించిన బడి లేదు. 1892లో రీ అక్కడి స్తూపంలో బయటికి తీసిన రాతి పేటికల మీద రాత బ్రాహ్మీయే, కొన్ని అక్షరాల మలుపులు మాత్రం మరెక్కడా కనబడవు. భాష ప్రాకృతం. కుబీరక రాజు పేరు అందులోనే ఉంది. వాటిని చదివి అచ్చువేసినవాడు లిపి పండితుడు బ్యూలర్.

ఇవన్నీ నేర్చుకోవాలనుకుంటే, ఇక్కడి పీజీ సీట్లు ఏపీ పీజీసెట్ ద్వారా భర్తీ అవుతాయి. డిగ్రీలో ఏం చదివితే అర్హతో ఆ ఏటి ప్రకటనలో చూసుకోవాలి. చూసి రావడానికైతే గుంటూరు నుంచి అమరావతికి బస్సులు ఎప్పుడూ ఉంటాయి, దూరం ముప్ఫై అయిదు కిలోమీటర్ల లోపే. అక్కడి కేంద్ర పురావస్తు శాఖ మ్యూజియానికి శుక్రవారం సెలవు. నాగార్జునకొండకు విజయపురి సౌత్ నుంచి లాంచీలో వెళ్లాలి. 1954–60 మధ్య తవ్విన లోయంతా నాగార్జునసాగర్ జలాశయం నీళ్ల కింద ఉంది, కొన్ని కట్టడాలను అనుపులో తిరిగి నిలబెట్టారు. ఎండ తగ్గాక, నవంబరు తర్వాత వెళ్లడం మంచిది. అయితే అప్పుడు చేలు పచ్చగా ఉంటాయి, పెంకు ఒక్కటీ కనబడదు.