రాత్రి మేల్కొనే మాదాపూర్

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు హైదరాబాద్‌లోని మాదాపూర్ చుట్టూ రాళ్లగుట్టలే ఎక్కువ. ఇప్పుడక్కడ అర్ధరాత్రి దాటినా క్యాబ్‌లు తిరుగుతూనే ఉంటాయి.

అమెరికా పనివేళలకు తగ్గట్టు నడిచే ఆఫీసులు ఈ సందడికి ఒక ముఖ్య కారణం. 2020లో దుర్గం చెరువుపై తీగల వంతెన తెరిచాక సరదాగా వచ్చేవాళ్లూ పెరిగారు. సెల్ఫీల కోసం వంతెన మీద బండ్లు ఆపేవాళ్లను అదుపు చేయడం పోలీసులకు కొత్త పనైంది.

ఇంత రాత్రి సందడిలో భద్రత కూడా ముఖ్యమే. మహిళల భద్రత కోసం 2014లో షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు, 2024లో ప్రయాణాన్ని ఫోన్ ద్వారా గమనించే టీ-సేఫ్ సేవ వచ్చాయి. మెట్రో మాత్రం అర్ధరాత్రికి ముందే ఆగిపోతుంది.

అసలు లోటు ఇక్కడే ఉంది. కంపెనీ క్యాబ్ లేని హోటల్ పనివాళ్లు, హౌస్‌కీపింగ్ మహిళలు ఇల్లు చేరేదెలా? వీధి దీపాలు, నడవదగ్గ ఫుట్‌పాత్‌లు, రాత్రి బస్సులు కూడా భద్రతలో భాగమే. ప్రభుత్వం ముందు వాటి మీద ఖర్చు పెట్టాలి.