ట్రెడ్ ఊడిన టైరు

ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ 1990లో అమెరికా రోడ్ల మీదికి వచ్చింది. పిల్లలతో, సామానుతో దూరప్రయాణాలు చేసే కుటుంబాలకు అది తెగ నచ్చింది. ఆ దశకంలో అక్కడ అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన ఎస్‌యూవీ అదే. దానికి బిగించిన టైర్లలో ఎక్కువ భాగం ఫైర్‌స్టోన్‌వి. ఈ రెండు కంపెనీలది పాత స్నేహం. 1906లో హెన్రీ ఫోర్డ్ తన కార్ల కోసం హార్వీ ఫైర్‌స్టోన్ దగ్గర 2,000 సెట్ల టైర్లు కొన్నాడు. 1947లో ఫోర్డ్ మనవడు ఫైర్‌స్టోన్ మనవరాలిని పెళ్లాడడంతో రెండు కుటుంబాలూ వియ్యమందాయి. 1988లో జపాన్ సంస్థ బ్రిడ్జ్‌స్టోన్ ఫైర్‌స్టోన్‌ను కొనేసినా వ్యాపారం సాగుతూనే ఉంది. అంత పాత బంధాన్ని తెంచినవి ఏటీఎక్స్, వైల్డర్‌నెస్ ఏటీ అనే పేర్లతో అమ్మిన 15 అంగుళాల రేడియల్ టైర్లు.

రేడియల్ టైరును అడ్డంగా కోసి చూస్తే అది ఒట్టి రబ్బరు ముద్ద కాదని తెలుస్తుంది. లోపల గాలిని పట్టి ఉంచే పొర, దాని మీద దారాలు పేనిన గుడ్డ, ఆ పైన చుట్టూ తిరిగే రెండు ఉక్కు పట్టీలు, అన్నిటికీ పైన నేలను పట్టుకునే ట్రెడ్ ఉంటాయి. పట్టీల్లోని సన్నని ఉక్కు తీగలకు ఇత్తడి పూత పూస్తారు. టైరును అచ్చులో పెట్టి ఉడికించేటప్పుడు రబ్బరులోని గంధకం ఆ ఇత్తడితో చర్య జరుపుతుంది. తీగకూ రబ్బరుకూ ఏర్పడే గట్టి బంధానికి మూలం ఈ చర్యే.

రెండు పట్టీల్లో తీగలు ఒకదానికొకటి ఎదురు కోణంలో వాలి ఉంటాయి. బరువు పడ్డప్పుడు పై పట్టీ ఒకవైపు, కింది పట్టీ ఇంకోవైపు జరగబోతాయి. మధ్యనున్న పలుచని రబ్బరు ఆ లాగుడంతా భరించాలి. పట్టీల అంచుల్లో తీగలు తెగిన కొనలతో ఉంటాయి కాబట్టి ఒత్తిడి అక్కడే ఎక్కువ. పగులు పుట్టేదీ ఆ అంచుల్లోనే. మొదట అంచు వెంట చుట్టూ పాకుతుంది, తర్వాత రెండు పట్టీల మధ్యకు దూరుతుంది. బయటి నుంచి చూస్తే టైరు బాగానే ఉంటుంది, గాలి కూడా పోదు. చివరికి ఒకరోజు వేగంలో ఉండగా పై పట్టీ ట్రెడ్‌తో సహా ఊడి లేచిపోతుంది.

పగులు ఎంత త్వరగా పాకుతుందన్నది చాలావరకు వేడిని బట్టి ఉంటుంది. ఎక్స్‌ప్లోరర్ టైరు చుట్టుకొలత దాదాపు 2.3 మీటర్లు. గంటకు 110 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు 13 సార్లు తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ నేలకు ఆనిన భాగం నొక్కుకుపోయి మళ్లీ లేస్తుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ ఉంటే వంపు దగ్గర చెయ్యి కాలినట్టే, రబ్బరు కూడా వంగిన కొద్దీ వేడెక్కుతుంది. గాలి తక్కువైతే వంపు పెరుగుతుంది, బరువు ఎక్కువైనా పెరుగుతుంది. ఎక్స్‌ప్లోరర్‌కు 26 పీఎస్‌ఐ గాలి చాలునని ఫోర్డ్ సిఫారసు చేసింది. 30 ఉండాలని ఫైర్‌స్టోన్ తర్వాత పట్టుబట్టింది. ఆ నాలుగు పాయింట్ల మీద రెండు కంపెనీలూ ఏడాదికి పైగా వాదులాడుకున్నాయి.

ఒక బీమా కంపెనీలో అనుమానం రేగింది. స్టేట్ ఫార్మ్ సంస్థలో పరిశోధకుడిగా ఉన్న శామ్ బోయ్డెన్ క్లెయిముల కాగితాలు తిరగేస్తూ, ఒకే రకం ఫైర్‌స్టోన్ టైర్లు చెడిపోయిన 21 సంఘటనలు గమనించాడు. 1998లో ఆ సమాచారాన్ని అమెరికా జాతీయ రహదారి రవాణా భద్రతా సంస్థకు పంపాడు. అప్పుడు విచారణేమీ మొదలవలేదు. ఒక్కో ప్రమాదాన్ని విడిగా చూస్తే అందులో వింతేమీ లేదు. టైరు పోయింది, డ్రైవరు కంగారుగా స్టీరింగ్ తిప్పాడు, ఎత్తైన బండి పల్టీ కొట్టింది. ఎండ, అతివేగం, మేకు, గాలి తక్కువ కావడం, ఇలా కారణం చెప్పాలంటే ఏదో ఒకటి దొరుకుతుంది. ఊడింది ఏ కంపెనీ టైరో పోలీసు నివేదికలో సాధారణంగా ఉండదు. వేర్వేరు రాష్ట్రాల కాగితాలు ఒకే బల్ల మీదికి చేరితే తప్ప లోపం కంటికి ఆనదు. స్టేట్ ఫార్మ్ దేశమంతటా కార్లకు బీమా ఇచ్చే సంస్థ కనుక అక్కడికి అవి చేరాయి.

ఈలోగా సౌదీ అరేబియాలాంటి వేడి దేశాల్లో ఫోర్డ్ 1999 నుంచే ఆ టైర్లు మార్చి ఇస్తోంది. ఆ సంగతి అమెరికా ప్రభుత్వానికి చెప్పి తీరాలన్న చట్టం అప్పటికి లేదు. 2000 ఫిబ్రవరిలో హ్యూస్టన్ నగరంలోని కేహెచ్ఓయూ టీవీ ఈ ప్రమాదాల మీద కథనం ప్రసారం చేసింది. ఆ తర్వాత భద్రతా సంస్థకు ఫిర్యాదులు వెల్లువెత్తాయి. మే నెలలో విచారణ మొదలైంది. ఆగస్టు 9న ఫైర్‌స్టోన్ దిగివచ్చి, రోడ్ల మీద ఇంకా తిరుగుతున్న సుమారు 65 లక్షల టైర్లను రీకాల్ చేసింది. అన్ని టైర్లు ఒక్కసారిగా దొరకవు కదా! అందుకే మొదటి వంతు ఎండలు మెండుగా ఉండే అరిజోనా, కాలిఫోర్నియా, ఫ్లోరిడా, టెక్సస్ రాష్ట్రాలకు ఇచ్చారు. కొత్త బండ్లకు దాచిన టైర్లను జనానికి ఇవ్వడానికి ఫోర్డ్ తన మూడు ఫ్యాక్టరీల్లో ఉత్పత్తి ఆపింది.

ఇంతకీ తప్పు ఎవరిది? టైరుదేనని ఫోర్డ్ అంది. అదే ఎక్స్‌ప్లోరర్‌కు బిగించిన గుడ్‌ఇయర్ టైర్లు ఇలా ఊడడం లేదు కదా అని చూపించింది. బండి తీరే అంతనీ, ట్రెడ్ ఊడినా మామూలు కారు తిరగబడదనీ ఫైర్‌స్టోన్ జవాబిచ్చింది. 2001 మే 21న ఫైర్‌స్టోన్ ఇకపై ఫోర్డ్‌కు టైర్లు అమ్మబోమని ఉత్తరం రాసింది. మర్నాడే ఫోర్డ్ మరో 1.3 కోట్ల వైల్డర్‌నెస్ టైర్లను తన ఖర్చుతో మారుస్తానని ప్రకటించింది.

ఫైర్‌స్టోన్ నియమించిన స్వతంత్ర నిపుణుడు, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు సంజయ్ గోవింద్‌జీ పరిశీలనలో ఒక్క దోషి తేలలేదు. వాతావరణం, బండి మోసే బరువు, గాలి ఒత్తిడి, టైరు రూపకల్పన, ఇల్లినాయ్ రాష్ట్రంలోని డెకేటర్ ఫ్యాక్టరీలో రబ్బరు తయారుచేసిన తీరు అన్నీ కలిశాయని ఆయన తేల్చారు. అదే ఫ్యాక్టరీలో 1990ల నడుమ పెద్ద సమ్మె జరిగింది. కంపెనీ బయటి మనుషులను పెట్టి పని నడిపింది. ఆ గొడవ కాలంలో అక్కడ తయారైన టైర్లే ఎక్కువగా చెడిపోయాయని ప్రిన్స్‌టన్ ఆర్థికవేత్తలు అలెన్ క్రూగర్, అలెగ్జాండ్ర్ మాస్ తర్వాత లెక్కలు కట్టి చూపారు. భద్రతా సంస్థ మాత్రం పట్టీల అంచుల మధ్య పెట్టే రబ్బరు ముక్కను వేలెత్తి చూపింది. 1998లో ఆ ముక్కను మెరుగుపరిచారు. అంతకుముందు తయారైన మరో 35 లక్షల టైర్లను 2001 అక్టోబరులో వెనక్కి తీసుకున్నారు. ఎక్స్‌ప్లోరర్ నిర్మాణం మీద విచారణ కోరిన ఫైర్‌స్టోన్ అర్జీని 2002లో తోసిపుచ్చారు. అప్పటికి అమెరికాలో ఈ టైర్లతో ముడిపడిన మరణాలు 271గా లెక్క తేలాయి.

ఈ వ్యవహారం నుంచి పుట్టిన ట్రెడ్ చట్టం 2000 నవంబరు 1న అమల్లోకి వచ్చింది. మరణాలు, గాయాలు, వారంటీ క్లెయిములు, విదేశాల్లో చేపట్టిన రీకాల్‌లు, వీటన్నిటి వివరాలూ కంపెనీలు ప్రభుత్వానికి ఇవ్వాలని అది నిర్దేశించింది. బోయ్డెన్ సొంత చొరవతో చేసిన పని కంపెనీలకు విధిగా మారింది. గాలి నిర్దేశించిన దానికంటే పాతిక శాతం తగ్గితే హెచ్చరించే దీపం ప్రతి కొత్త కారులోనూ ఉండాలన్న నిబంధన కూడా ఆ చట్టం వల్లే వచ్చి, 2007 సెప్టెంబరు నాటికి పూర్తిగా అమలైంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్ల కారు చలికాలం పొద్దున వెలిగించే పసుపుపచ్చ గుర్తు అదే.

మన దేశంలో మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ, లోపమున్న బండ్లను వెనక్కి పిలిపించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. 2021 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, కొన్నవాళ్ల ఫిర్యాదులు ఒక పరిమితిని దాటితే రీకాల్‌కు ఆదేశించవచ్చు. ఇక్కడ వేసవిలో టైరు పోతే 'ఎండకు పేలింది' అని సరిపెట్టుకోవడం అలవాటు. ఎండ నిజమే, కానీ ఒకే ఎండలో ఒక రకం టైరు నిలిచి ఇంకొకటి ఊడుతుంటే దోషం ఎండది కాదు. ఆ తేడా లెక్కల్లోకి రావాలంటే టైరు పక్క గోడ మీదున్న కంపెనీ పేరు, సైజు, తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ తెలిపే నాలుగంకెలు రాసుకుని ఫిర్యాదు చేయాలి. పాత టైరును షాపులో పారేసి వచ్చేస్తే ఆ వివరాలు కూడా దానితోనే పోతాయి.